కారు వెనుక తెల్లని దీపము

మోటారు కారు వెనుక మూడు రంగుల దీపములుండుట మీరు గమనించియే యుందురు. ఎర్రని దీపము "ఇచట బండి యున్నది" అని చెప్పును. బ్రేకు నొక్కగానే మరింత ప్రకాశించి "బండి ఆగుచున్నది" అని హెచ్చరించును. నారింజ రంగు దీపము బండి ఎటు తిరుగునో తెలుపును. మిగిలినది తెల్లని దీపము. బండిని వెనుకకు నడుపుటకు గేరు వేసినప్పుడు మాత్రమే ఇది వెలుగును. దీనినే మనము రివర్సు లైటు అందుము. కొన్ని కార్లలో ఇట్టివి రెండుండును. కొన్నింటిలో ఒక్కటే యుండును.

ఈ చిన్న దీపము రెండు పనులు చేయును. నడుపువానికి వెనుక నేలను చూపుట ఒకటి. వెనుక నున్నవారికి "బండి మీ వైపు వచ్చుచున్నది, తొలగుడు" అని చెప్పుట రెండవది. ముందు దీపము ఆరిపోయినచో నడుపువానికి వెంటనే తెలియును. రివర్సు లైటు ఆరిపోయినచో అతనికి చాల దినములు తెలియకపోవచ్చును. అతడు కూర్చున్న చోటినుండి అది కనబడదు గదా!

జమ్మికుంట, ఆదిలాబాదు పత్తి మార్కెట్ యార్డులను తలచుకొనుడు. పంట దినములలో బండ్లు ఒకదాని వెంట ఒకటి చేరును. మనుషులు వాని నడుమనే తిరుగుచుందురు. పల్లెలలో కారు నిలుచు చోటు ఇంటి వాకిలియే. పిల్లలు ఆడుకొనునది అక్కడే, దూడను కట్టివేయునది అక్కడే. చలికాలపు తెల్లవారుజామున ఆదిలాబాదు ప్రాంతమున మంచు కమ్మినప్పుడు పది అడుగుల దూరములోని మనిషి కూడ మసకగా కనబడును. అట్టి వేళ బండి వెనుక తెల్లని వెలుగు ఉండుటకును, లేకుండుటకును మధ్య ఒక ప్రాణము నిలిచి యుండవచ్చును.

ఈ బల్బు కొద్ది ఖర్చుతో దొరకును. దీనిని మార్చుటకు చాల కార్లలో పావుగంట చాలును. ఉట్నూరు, తిర్యాణి వంటి చోట్ల నున్నవారు ఇందుకొరకు దూరపు పట్టణమునకు పోనక్కరలేదు. అయితే చేయు పనిలోని కారణము తెలిసి చేసినచో పని చక్కగా జరుగును. ఉన్నత పాఠశాలలో చదువు విద్యుచ్ఛక్తి పాఠము కూడ కంటికి కనబడును.

వెలుగు ఎట్లు పుట్టును?

బల్బులోని గాజు బుడ్డి నడుమ వెంట్రుకవలె సన్నని తీగ చుట్టలు చుట్టుకొని యుండును. దానిని తంతువు అందురు. అది టంగ్‌స్టన్ అను లోహముతో చేయబడినది. లోహములన్నిటిలో టంగ్‌స్టన్ కరగుటకు అత్యధికమైన వేడి కావలెను. దాని ద్రవీభవన స్థానము సుమారు 3,400 డిగ్రీల సెంటీగ్రేడు. విద్యుత్ప్రవాహము పోవునప్పుడు తంతువు సుమారు 2,500 డిగ్రీల వరకు వేడెక్కి తెల్లగా వెలుగును. ఇనుము ఈ వేడికి ఎప్పుడో కరగి నీరగును.

ఎడిసన్ 1879లో తయారు చేసిన బల్బులో తంతువు బొగ్గుతో చేసినది. టంగ్‌స్టన్ పెళుసు లోహమగుటచే దానిని తీగగా సాగదీయుట చాలకాలము సాధ్యము కాలేదు. అమెరికాలో విలియం కూలిడ్జ్ 1910 ప్రాంతమున ఆ చిక్కును విప్పెను. 1913లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ బుడ్డిలో జడవాయువును నింపి, తంతువును చుట్టగా చుట్టినచో అది తక్కువగా ఆవిరియగునని చూపెను. నేటికిని రివర్సు లైటు బల్బులో ఈ రెండు ఉపాయములును పని చేయుచున్నవి.

ఎంత జాగ్రత్త పడినను తంతువు నుండి టంగ్‌స్టన్ పరమాణువులు కొద్ది కొద్దిగా ఎగిరిపోవుచునే యుండును. అవి గాజు లోపలి వైపున చేరి నల్లని పూతగా ఏర్పడును. తీగ ఒకచోట సన్నబడును. సన్నబడిన చోట నిరోధము హెచ్చును. నిరోధము హెచ్చిన చోట వేడి హెచ్చును. వేడి హెచ్చిన చోట లోహము మరింత త్వరగా ఎగిరిపోవును. తుదకు ఒకనాడు ఆ చోటనే తీగ తెగును.

మన ప్రాంతపు రోడ్లు దీనికి తోడగును. కరీంనగరు చుట్టుపట్ల గ్రానైటు గనుల దారులు, గోదావరిఖని బొగ్గు దారులు, ఊరూరను ఉన్న స్పీడు బ్రేకర్లు - వీనిపై ఎగిరెగిరి పడు బండిలో తంతువు కూడ అదరును. పాతబడిన టంగ్‌స్టన్ తీగ చల్లగా నున్నప్పుడు మిక్కిలి పెళుసు. అందుచే ఎన్నడో కాని వెలుగని బల్బు కూడ కుదుపులకే తెగవచ్చును.

ఒక చిన్న లెక్క

రివర్సు లైటుకు సాధారణముగా వాడు బల్బు మూతిపై "12 వోల్టులు, 21 వాట్లు" అని చెక్కి యుండును. వాట్లను వోల్టులతో భాగించినచో ప్రవాహము వచ్చును: 21ని 12తో భాగింపగా 1.75 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో భాగించినచో నిరోధము వచ్చును: 12ని 1.75తో భాగింపగా సుమారు 6.9 ఓములు.

ఇప్పుడు ఒక వింత. అదే బల్బు చల్లగా నున్నప్పుడు మల్టీమీటరుతో కొలిచినచో 6.9 ఓములు చూపదు. దానిలో పదవ వంతో, అంతకంటె తక్కువయో చూపును. మీటరు చెడలేదు, ఓము నియమము తప్పలేదు. లోహము వేడెక్కిన కొలది దాని నిరోధము పెరుగును. చల్లని తంతువుకును, 2,500 డిగ్రీల తంతువుకును మధ్య భేదము అంత గొప్పది. అందుచేతనే గేరు వేసిన మొదటి క్షణమున బల్బులోనికి మామూలుకంటె ఎన్నో రెట్ల ప్రవాహము దూకును. సెకనులో ఏ పదవ వంతులోనో తంతువు వేడెక్కి ప్రవాహమును అదుపులోనికి తెచ్చును. పాత బల్బులు వెలిగించిన క్షణముననే పుటుక్కున తెగుటకు కారణము ఇదియే. ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో సులభముగా చేసి చూపవచ్చును.

మనకు తెలిసిన రామగుండముతో ఈ బల్బును పోల్చి చూతము. అచటి జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రములో మొదటి యూనిటు 1983లో పని మొదలిడెను. దాని సామర్థ్యము 200 మెగావాట్లు. లెక్కవేసినచో అది సుమారు 95 లక్షల రివర్సు బల్బుల కక్కరకు సరిపోవు శక్తి. అచట బొగ్గు వేడి ఆవిరిని పుట్టించి యంత్రమును త్రిప్పును. కారులో పెట్రోలు వేడి ఇంజనును త్రిప్పును. రెండుచోట్లను అయస్కాంతము, తీగచుట్ట కలిసి విద్యుత్తును పుట్టించును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇంతకును ఆధారము.

దోషమెక్కడ?

దీపము వెలుగకపోయినంత మాత్రమున బల్బే చెడినదని నిశ్చయింపరాదు. విద్యుత్తు నడచు దారిని తెలిసికొన్నచో దోషమును ఇంటనే పట్టుకొనవచ్చును. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు ఇగ్నిషన్ స్విచ్చి గుండా, ఫ్యూజు గుండా పోయి గేరుపెట్టె వద్దనున్న ఒక చిన్న స్విచ్చిని చేరును. రివర్సు గేరు వేసినప్పుడు ఆ స్విచ్చి కలియును. అక్కడినుండి తీగ వెనుక దీపములకు పోవును. బల్బు గుండా పోయిన విద్యుత్తు కారు ఇనుప శరీరము గుండానే బ్యాటరీకి తిరిగి చేరును. తిరుగు దారికి ప్రత్యేకముగా పొడవైన తీగ లేకుండ కారు ఒడలినే వాడుకొనుట ఇందలి పొదుపు. కొత్త కార్లలో ఈ దారి నడుమ కంప్యూటరు కూడ ఉండవచ్చును; అయినను మూలసూత్రము ఇదియే.

రెండు రివర్సు లైట్లున్న కారులో ఒకటి వెలిగి ఒకటి వెలుగకపోయినచో ఫ్యూజును, గేరు స్విచ్చిని అనుమానింపనక్కర లేదు. ఆ రెండును ఇరు దీపములకు ఉమ్మడివి గదా! దోషము ఆరిన బల్బులోనో, దాని హోల్డరులోనో, అక్కడి తీగలోనో ఉన్నది. రెండును ఒకేమారు ఆరిపోయినచో ముందుగా ఫ్యూజును చూడవలెను. రెండు బల్బులు ఒకే దినమున తెగుట అరుదు. ఫ్యూజు బాగుగా నున్నచో గేరు స్విచ్చిని అనుమానింపవలెను. దానిని మెకానిక్కునకు విడుచుట మంచిది. ఒక్కటే దీపమున్న కారులో మొదట బల్బును విప్పి చూచి, అది బాగుగా నున్నచో ఫ్యూజు వద్దకు పోవలెను.

ఫ్యూజు విషయమున ఒక మాట. నేటి కార్లలోని ఫ్యూజులకు రంగులు గలవు: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలము, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. ఏ రంగుది కాలినదో ఆ రంగుదే వేయవలెను. "మరల కాలదు లెమ్ము" అని పెద్ద ఫ్యూజును వేయుట, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమును చుట్టుట, రాగితీగను బిగించుట అపాయము. తీగలో పుట్టు వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి పెరుగును. 10 ఆంపియర్లకు బదులు 30 ఆంపియర్లు పోయినచో వేడి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లగును. ఫ్యూజు కాలవలసిన చోట తీగయే కాలును. తీగతో బండియు కాలవచ్చును.

సరియైన బల్బును ఎంచుట

పాత బల్బును చేతబట్టుకొని దుకాణమునకు పోవుట అన్నిటికంటె మేలు. లేదా కారుతో వచ్చిన పుస్తకములో బల్బు గుర్తు వ్రాసి యుండును. చాలకార్లలో అది "పి 21 డబ్ల్యు". కొన్నింటిలో మూతి లేని గాజు బల్బు ఉండును. అది "డబ్ల్యు 16 డబ్ల్యు", అనగా 16 వాట్లది.

చూపునకు ఒకటిగా కనబడు బల్బులు మూడున్నవి. మొదటిది మన తెల్లని 21 వాట్ల బల్బు. దాని మూతికి ఇరుప్రక్కల రెండు చిన్న మొలకలు ఎదురెదురుగా, ఒకే ఎత్తున ఉండును. అడుగున ఒక్కటే సీసపు చుక్క ఉండును. రెండవది నారింజ రంగు బల్బు. దాని మొలకలు సరిగా ఎదురెదురుగా నుండక కొంచెము ప్రక్కకు జరిగి యుండును. మూడవది బ్రేకుకును, వెనుక ఎర్ర దీపమునకును కలిపి వాడు రెండు తంతువుల బల్బు. దాని మొలకలలో ఒకటి పైకి, ఒకటి క్రిందికి ఉండును. అడుగున రెండు చుక్కలుండును. ఒకదాని చోట మరియొకటి పట్టకుండుటకే ఈ ఏర్పాటు. కనుక బల్బు హోల్డరులో దిగకపోయినచో బలము చూపరాదు. తప్పు బల్బు తెచ్చితిమేమో అని చూచుకొనవలెను.

మన ప్రాంతములో మరియొక జాగ్రత్త అవసరము. బొగ్గు, గ్రానైటు మోయు లారీలకు 24 వోల్టుల బల్బులు వాడుదురు. లారీ సామానుల దుకాణములలో అవే ఎక్కువగా నుండును. అవియు 21 వాట్లవే, ఆకారమును అదియే. 24 వోల్టుల బల్బును 12 వోల్టుల కారులో పెట్టినచో వెలుగు దాదాపు పదవ వంతునకు పడిపోవును. 12 వోల్టుల బల్బును లారీలో పెట్టినచో వెంటనే తెగును. మూతిపై వోల్టుల అంకెను చూడకుండ డబ్బు ఇయ్యరాదు.

మార్చు విధానము

కారును చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, తాళపు చెవి తీసివేసి, హ్యాండు బ్రేకు వేయవలెను. చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. దీపములు వెలిగి యుండినచో పది నిముషములు చల్లారనీయవలెను. చేతి ఉంగరము, గాజులు, లోహపు గడియారము తీసి ప్రక్కన పెట్టుట మంచిది. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు. కాని విద్యుత్తు నడచు తీగకును, కారు ఇనుమునకును మధ్య ఉంగరము తగిలినచో అది క్షణములో కాలి వేలిని కాల్చును.

డిక్కీ తెరచి చూచినచో దీపము వెనుక భాగమున ఒక చిన్న మూత గాని, దీపమును పట్టియున్న రెండు మూడు మరలు గాని కనబడును. మూత ఉన్నచో దానిని తీయవలెను. మరలు ఉన్నచో స్క్రూడ్రైవరుతోగాని, పానాతోగాని విప్పి దీపపు పెట్టెను తిన్నగా వెనుకకు లాగవలెను. తీగలు తెగునట్లు గుంజరాదు. విప్పిన మరలను ఒక గిన్నెలో వేసికొనవలెను. మట్టినేలపై పడిన మర దొరకుట కష్టము.

తీగలతో కూడిన హోల్డరును పట్టుకొని గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా కొంచెము త్రిప్పినచో అది బయటికి వచ్చును. మొలకల బల్బును మెల్లగా లోనికి నొక్కి, ఎదురు దిక్కునకు త్రిప్పి, వదలినచో ఊడివచ్చును. గాజు మూతి బల్బును త్రిప్పరాదు, తిన్నగా లాగవలెను. బల్బు బిగిసియున్నచో గుడ్డ చుట్టి పట్టుకొనవలెను. గాజు పగిలినచో వేలు తెగును.

తీసిన బల్బును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. తంతువు తెగియుండుట, గాజు నల్లబడి యుండుట కనబడును. ఆ పిదప హోల్డరులోనికి చూడుడు. వానకాలపు తేమ చేరి ఆకుపచ్చని చిలుము, లేదా తెల్లని పొడి పట్టియున్నచో పొడిగుడ్డతోను, సన్నని గరుకు కాగితముతోను తుడువవలెను. ఇది చిన్న పని వలె తోచును గాని, దాని విలువ లెక్కలో తెలియును. చిలుము వలన ఒక్క ఓము నిరోధము అదనముగా చేరినదనుకొనుడు. ప్రవాహము 1.75 నుండి సుమారు 1.5 ఆంపియర్లకు తగ్గును. బల్బునకు చేరు వోల్టులు 12 నుండి సుమారు పదిన్నరకు తగ్గును. వోల్టులు ఎనిమిదవ వంతు తగ్గినచో వెలుగు కూడ ఎనిమిదవ వంతే తగ్గునని తలపరాదు; దాదాపు మూడవ వంతు పోవును. ఆ చిలుము వద్ద రెండు వాట్లకు మించిన వేడి పుట్టి హోల్డరు ప్లాస్టిక్కును మెత్తబరచును. కొత్త బల్బు వేసినను మసకగా వెలుగు దీపములలో చాలవానికి రోగము ఇదియే.

కొత్త బల్బును శుభ్రమైన గుడ్డతో గాని కాగితముతో గాని పట్టుకొని, మొలకలను గాడిలో ఉంచి, నొక్కి, గడియారపు దిక్కునకు త్రిప్పి వదలవలెను. హోల్డరును యథాస్థానమున బిగించవలెను. దీపపు పెట్టె చుట్టునున్న రబ్బరు పట్టీ మెలి పడకుండ చూచుకొనవలెను. అది సరిగా కూర్చొననిచో మొదటి వానకే నీరు చొచ్చును. మరలను ఒకదాని తరువాత ఒకటి కొద్ది కొద్దిగా బిగించవలెను. అతిగా బిగించినచో ప్లాస్టిక్కు పగులును.

పరీక్షించునప్పుడు అపాయము రాకూడదు. ఇంజను ఆడింపకుండ తాళపు చెవిని ఇగ్నిషన్ వరకు మాత్రము త్రిప్పి, కాలితో బ్రేకు నొక్కి పట్టి, రివర్సు గేరు వేయవలెను. చూచువాడు బండి ప్రక్కగా నిలువవలెను. వెనుక ఎన్నడును నిలువరాదు. ఒంటరిగా నున్నచో సాయంకాలము ఒక తెల్లని గోడకు వెనుకవైపు పెట్టి నిలిపినచో, గోడపై పడు వెలుగు అద్దములో కనబడును. ఎన్ని దీపములు వెలిగినవో దానినిబట్టి తెలిసికొనవచ్చును.

కొత్త కార్ల సంగతి

కొన్ని కార్లలో బల్బునకు మారు ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. వీనిలో తంతువు లేదు. అర్ధవాహక స్ఫటికము నుండి వెలుగు నేరుగా పుట్టును. కొద్ది వాట్లతోనే మంచి వెలుగునిచ్చును, కుదుపులకు జంకదు. అయితే అవి దీపపు పెట్టెతో కలిపి అతికి యుండినచో బల్బు మార్చుట కుదరదు, పెట్టెనే మార్చవలెను. పాత హోల్డరులో ఎల్.ఇ.డి. బల్బును పెట్టువారు రెండు సంగతులు తెలిసికొనవలెను. వీనిలో కొన్ని ఒక దిక్కు ప్రవాహమునకే వెలుగును. వెలుగకపోయినచో త్రిప్పి పెట్టి చూడవలెను. ప్రవాహమును కొలిచి బల్బు బాగోగులను తెలుపు కార్లు ఇంత తక్కువ ప్రవాహమును చూచి, బల్బు కాలినదని తప్పు హెచ్చరిక చేయవచ్చును.

మన దేశమున 2019 జూలై 1 నుండి కొత్త కార్లకు వెనుక సెన్సార్లు తప్పనిసరి అయినవి. అవి మన చెవికి వినబడని శబ్ద తరంగములను పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి అడ్డమును కనుగొనును. గబ్బిలము చీకటిలో ఎగురు ఉపాయమే ఇది. "సెన్సారు ఉండగా దీపమేల?" అని కొందరడుగుదురు. దూది వంటి మెత్తని వస్తువులు శబ్దమును పీల్చుకొనును. సన్నని వస్తువులు ప్రతిధ్వనిని చాలినంత పంపవు. కెమెరాయైనను చీకటిలో చూచుటకు ఆ తెల్లని దీపపు వెలుగే కావలెను. అన్నిటికంటె ముఖ్యము, సెన్సారు నడుపువానితోనే మాటలాడును. వెనుక నున్న పిల్లవానితో, ముసలివానితో మాటలాడునది దీపమొక్కటే.

కనుక నెలకొకసారి, టైర్లలో గాలి చూచుకొను దినముననే, రివర్సు లైటును కూడ చూచుకొనుట మంచి అలవాటు. విద్యార్థులు తమ ఇంటి బండికో, పొరుగువారి బండికో ఈ పరీక్ష చేసి పెట్టవచ్చును. దీపము ఆరియున్నచో కారణమును ఊహతో కాక, పైన చెప్పిన వరుసలో వెదకుడు: ఒకటి ఆరినదా, రెండునా, బల్బా, హోల్డరా, ఫ్యూజా? ఒక్కొక్క ప్రశ్నకు జవాబు దొరికిన కొలది వెదకవలసిన చోటు తగ్గుచు వచ్చును. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేయునదియు ఇదియే. దీపము మరల వెలిగిన పిదప కూడ ఒకటి మరువరాదు: ఎంత మంచి దీపమున్నను, బండిని వెనుకకు తీయుటకు ముందు ఒకమారు దిగి వెనుక చూచిన కన్నునకు సాటి లేదు.